సఫియా మాటు, తన్వీర్ నీళ్ళు

గద్వాలలో రాయచూరు రోడ్డు మీద రేడియేటర్లు బాగుచేసే సఫియాకు కాలు ఒకచోట నిలవదు. ఛాయ్ తెప్పించుకుంటుంది, సగం తాగి మరిచిపోతుంది. కుర్చీ తెచ్చి వేసుకుంటుంది, దాని మీద పాత గుడ్డలు కుప్పపోసి తాను నిలబడే ఉంటుంది. ఒక పని చేతిలో ఉండగానే కళ్ళు రెండో పని మీద, నోరు మూడో పని మీద. వయసు నలభై దాటినా ఆమె నడక చూస్తే పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందేమో అనిపిస్తుంది. పక్కనే పంక్చర్లు వేసే బాలన్న ఆమెను చూసి, "మా సఫియక్కకు కాళ్ళు లేవు, చక్రాలే" అని నవ్వుతాడు. ఆమె అది విని నవ్వడానికి కూడా ఆగదు.

ఇంత తొందర మనిషికి కారే చిల్లులకు మాటు వేసే పని ఎట్లా అబ్బిందని అడగాలి. అది ఆమె నాయన జలాలుద్దీన్ చలవ. ఆయన ఒకప్పుడు ధరూరు, మల్దకల్, అయిజ చుట్టుపక్కల పల్లెలు తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. కొడుకులు లేరు, ఉన్నది ఒక్క బిడ్డ. కొలిమి తిత్తి ఊదడానికి ఆమెనే వెంట తీసుకుపోయేవాడు. గిన్నెను చింతపండుతో, ఇసుకతో తోమి, బొగ్గుల మీద తిప్పుతూ వేడిచేసి, ఉప్పులాంటి నవసాగరం చిటికెడు చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పుమని లేచేది. ఆ పొగలోనే తగరం ముక్క తాకించి దూదితో రుద్దితే, గిన్నె లోపలంతా వెన్నెల పూసినట్టయ్యేది.

"నవసాగరం లేకుంటే ఏమైతది అబ్బాజాన్?" అని చిన్నప్పుడు సఫియా అడిగింది.

"లోహానికి సిగ్గెక్కువ బేటీ," అన్నాడు జలాలుద్దీన్. "గాలి తగిల్తె చాలు, మీద సన్నటి ముసుగు ఏసుకుంటది. వేడి జేస్తే ఆ ముసుగు ఇంకింత మందమైతది. ముసుగు మీద తగరం పోస్తే అంటుకుంటదా? జారి కింద పడ్తది. గీ మసాలా ఆ ముసుగు తీస్తది. తీసి, మళ్ళ గాలి తగలకుంట అడ్డం నిలబడ్తది. అప్పుడు తగరం తొవ్వ దొరికినట్టు ఉరుకుతది."

ఆయన మసాలా అన్నదాన్నే సామాన్ల దుకాణాల్లో ఫ్లక్స్ అంటారు. పేరేదైనా పని పెళ్ళిళ్ళ పేరయ్యదే. రెండు వైపులా సంకోచం పోగొట్టి ఇద్దరినీ కలుపుతాడు, మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా చూస్తాడు, భోజనం చేసి వెళ్ళిపోతాడు. వెళ్ళిపోకుండా ఆ ఇంట్లోనే మకాం వేశాడనుకోండి, కాపురం కూలిపోతుంది. ఈ చివరి ముక్క సఫియాకు తెలియదని కాదు. తెలుసు. కానీ తెలిసిన సంగతిని లెక్కలోకి తీసుకునే ఓపిక ఆమెకు ఏనాడూ లేదు.

స్టీలు గిన్నెలు వచ్చి కళాయి పని మూలపడ్డాక జలాలుద్దీన్ రేడియేటర్లకు మళ్ళాడు. అప్పట్లో ట్రాక్టర్లకు, లారీలకు ఇత్తడి, రాగి రేడియేటర్లే. వాటికి నవసాగరం బదులు ఆసిడ్. సీసాలో ఆసిడ్ పోసి, అది పొంగడం మానేదాకా జింకు ముక్కలు వేసి పెట్టుకునేవాడు. కారే చోట గీకి, ఆ ఆసిడ్ పూసి, టంకం కరిగించడమే. ఆయన కళ్ళకు పొర కమ్మేనాటికి సఫియా చేయి తిరిగింది. ఎక్కడ కారుతుందో చెవి పెట్టి కనిపెట్టేది. మంట తాకించి తీసేసరికి మాటు పడిపోయేది. అయిజ నుంచి, అటు రాయచూరు నుంచి కూడా బండ్లు ఆమె పేరు అడుగుతూ వచ్చేవి.

ఆమె భర్త తన్వీర్ నాగర్‌కర్నూలు మనిషి. ఇల్లరికం వచ్చాడు. మంట పట్టుకుంటే అతనికి చేయి వణికేది, అందుకని మొదటినుంచీ కడిగే పని తీసుకున్నాడు. దుకాణం వెనుక ఇనుప డ్రమ్ములో నీళ్ళు కాగబెట్టి, సఫియా మాటు వేసిన ప్రతిదాన్నీ కుచ్చు బ్రష్షుతో మూలమూలలా తోమేవాడు. నీళ్ళు మార్చి మళ్ళీ తోమేవాడు. రాత్రంతా ఆరబెట్టి పొద్దున్నే బొటనవేలితో మాటు మీద రాసి చూసేవాడు. వేలికి రవ్వంత తడి తగిలినా, లోపల మసాలా ఇంకా మిగిలి ఉందని, గాలిలో నీటిని అది పీల్చుకుంటోందని, మళ్ళీ డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయేవాడు.

సఫియాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "అజీ, గది రేడియేటరా పెండ్లికొడుకా? ఎన్నిమాట్ల తానం చేపిస్తవ్?" అనేది.

తన్వీర్ నవ్వేవాడు. ఆమె కోపంలో సగం ఆ నవ్వు మీదే.

తరువాత కొత్త ట్రాక్టర్లు వచ్చాయి, జూరాల కాలువ కింద వరి పెరిగి కోత మిషన్లు వచ్చాయి. వాటి రేడియేటర్లు ఇత్తడివి కావు, సిల్వర్‌వి. అల్యూమినియం గిన్నెల్ని ఇక్కడ సిల్వర్ గిన్నెలంటారు, ఆ లోహమే. ఆసిడ్ దాని ముసుగును కదిలించలేదు, టంకం దాని మీద నిలవలేదు. "మాతోటి కాదన్నా" అని సఫియా తిప్పి పంపని వారం లేకుండా పోయింది. పని లేని సఫియా సంగతి ఏం చెప్పాలి! కాలు కాలిన పిల్లిలా రోడ్డుకూ దుకాణానికీ తిరిగేది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచేది. బాలన్న వేసిన పంక్చర్లకు కూడా వంకలు పెట్టేది.

బక్రీద్ పోయిన కొద్దిరోజులకు తన్వీర్ అన్నం తింటూ నెమ్మదిగా చెప్పాడు.

"సఫియా, మా అన్న నాగర్‌కర్నూల్ల ప్లాస్టిక్ సామాన్ల దుకాణం పెద్దగ చేస్తుండు. నమ్మకమైన మనిషి కావాల్నంట. నేను పోత. వరికోతలైనంక నువ్వు, అబ్బాజాన్ గూడ రండ్రి. ఈడ దుకాణం మూసేద్దాం."

సఫియా చేతిలో ముద్ద అక్కడే ఆగింది. "సిల్వర్ పని రాదనే గదా? నేర్చుకుంట. కోతలు అయ్యేలోపల నేర్చుకుంట. అప్పుడొస్తవా?"

"నేను గట్ల అన్లే."

"అనకున్నా తెలుస్తది."

తన్వీర్ ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే కంచం పట్టుకుని లేచిపోయింది. మూడో రోజు అతను బట్టల సంచితో వనపర్తి బస్సెక్కాడు, అక్కడినుంచి నాగర్‌కర్నూలుకు.

ఇక సఫియాకు లోకంలో ఒక్కటే పని. కోతలు ముగిసేలోగా సిల్వర్ మీద మాటు నిలబెట్టాలి. నిలబెడితే దుకాణం ఉంటుంది, పోయిన మనిషి తిరిగి వస్తాడు. లేకపోతే తాళం వేసి, పుట్టిన ఊరు వదిలి, ప్లాస్టిక్ బకెట్ల మధ్య ముసలితనం గడపాలి. వనపర్తికి పోయి ఫ్రిజ్ సామాన్ల దుకాణంలో సిల్వర్‌కు పనికొచ్చే కడ్డీలు, తెల్లటి ఫ్లక్స్ పొడి తెచ్చుకుంది. పాత సామాన్ల వాడి దగ్గర చిల్లుపడ్డ సిల్వర్ గిన్నెలు, కుక్కరు మూతలు గంపెడు తెచ్చింది. వేసిన ప్రతి మాటూ బొక్కై కూర్చుంది.

ఎందుకంటే ఆమె ఎరుపు కోసం చూసింది. రాగి గొట్టాలకు గట్టి అతుకు వేసేటప్పుడు వెలిగారమనే మసాలా చల్లి కాచేది, లోహం ఎర్రబడి "ఇంక పెట్టు" అని తానే చెప్పేది. ఈ సిల్వర్ చెప్పదు. ఎర్రబడదు, రంగు మార్చదు. మంట కింద మంచిపిల్లలా ఉంటుంది. పైన ముసుగు పాల మీద మీగడలా నిలిచే ఉంటుంది, లోపల లోహం కరిగి నీరవుతుంది. ఇంకొంచెం కాగాలేమో అనుకునేలోపు గిన్నె అడుగు ఊడి కాళ్ళ దగ్గర పడుతుంది. ఒకరోజు వరసగా అట్లా పడుతుంటే సఫియా మంట గొట్టం బల్ల మీద విసిరికొట్టి ఏడ్చేసింది.

గడప దగ్గర మంచం మీద కూర్చున్న జలాలుద్దీన్‌కు కళ్ళు కనపడవు, చెవులు మాత్రం పదును.

"ఏం జూస్తున్నవ్ బేటీ దానిల?"

"ఎర్రగైతదేమో అని జూస్తున్న. అయితలేదు."

"కళాయి గిన్నె ఎన్నడన్న ఎర్రగైందా? నేను గిన్నెను జూడనే లేదు. మసాలాను జూసిన. పొగ ఎట్ల లేస్తుందో, ఎప్పుడు పల్చగైతదో గదే జూసిన. గిన్నె నోరిప్పదు. మసాలానే చెప్తది."

సఫియా కళ్ళు తుడుచుకుంది. పొడిని నీళ్ళలో కలిపి కుక్కరు మూత పగులు మీద పూసింది. ఈసారి మంటను దూరం నుంచి ఆడించింది, లోహాన్ని చూడలేదు. మొదట తడి బుడగలు పోయింది. తరువాత ఎండి సున్నంలా తెల్లబడింది. ఆగడం ఆమెకు ప్రాణసంకటంగా ఉంది, పళ్ళు బిగపట్టుకుని ఆగింది. ఉన్నట్టుండి ఆ తెలుపంతా కరిగి, తేటనీరై, పగులు వెంట పారింది. వెంటనే మంట పక్కకు జరిపి కడ్డీ తాకించింది. కడ్డీ కరిగి ఆ తేటనీరు పోయిన దారిలోనే పరుగెత్తింది.

మూత పట్టుకుని ఆమె రోడ్డు మీదికి ఉరికింది. "బాలన్నా, నీళ్ళు పోయ్! దీంట్ల నీళ్ళు పోయ్!" బాలన్న పోశాడు. చుక్క కారలేదు. బాలన్న ఈల వేశాడు. సఫియాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి.

వానాకాలం వరి కోతలు ఊపు మీదున్నప్పుడు బీచుపల్లి దగ్గరి పాత గిరాకీ వెంకటన్న వచ్చాడు. అతనికి సొంత కోత మిషను, ఆ చుట్టుపక్కల పొలాలన్నీ అతనే కోస్తాడు. రేడియేటర్ ఊడదీసి ఆటోలో తెచ్చాడు. అంతా సిల్వరే, ఒక మూల చీలింది.

"అక్కా, మిషన్ మడిల నిలవడ్డది. మబ్బు వస్తుంది. కొత్తది కర్నూల్ల దొరుకుతదేమో తెల్వదు. నీతోటి అయితదా?"

"ఎందుకు కాదన్న? దింపు."

ఆమె గీకింది, పూసింది, మసాలా తేటనీరయ్యేదాకా ఊపిరి బిగబట్టింది, మాటు వేసింది. గాలి పట్టి తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. వెంకటన్న ఆటో డ్రైవరు అప్పటికే ఇంజిను ఆపకుండా హారను కొడుతున్నాడు. వెనుక డ్రమ్ము చల్లగా ఉంది, దాన్ని కాగబెట్టేవాళ్ళు లేరు. సఫియా చెంబెడు చన్నీళ్ళు మాటు మీద గుమ్మరించి, కొంగుతో తుడిచి, రేడియేటర్‌ను ఆటోలోకి ఎత్తించింది.

ఆటో మలుపు తిరగకముందే తన్వీర్‌కు ఫోన్ చేసింది.

"అజీ, అయింది! సిల్వర్ మీద మాటు నిలిచింది! ఒక్క బుడగ రాలే!"

"మంచిదాయె," అన్నాడు తన్వీర్. గొంతులో నిజంగానే సంతోషం ఉంది. తరువాత, "కడిగినవా?" అన్నాడు.

"కడుగుడేముంది, చెంబెడు నీళ్ళు పోసిన. నువ్వెప్పుడొస్తవ్?"

తన్వీర్ అవతల ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. "చూద్దాం," అని పెట్టేశాడు.

సఫియాకు అర్థం కాలేదు. సిల్వర్ వచ్చింది కదా! వెళ్ళడానికి కారణమే పోయింది కదా! ఇంకా చూడడానికేముంది? ఆ కసిలో ఆమె వచ్చిన సిల్వర్ పనినల్లా పట్టింది. రేడియేటర్లు, ఫ్రిజ్ గొట్టాలు, పాలక్యాన్లు. ఊళ్ళో పేరు మళ్ళీ మోగింది. రాత్రి నిద్ర మాత్రం పట్టేది కాదు. ఫోన్ మోగినప్పుడల్లా తన్వీరేనేమో అని ఉలిక్కిపడేది.

ఒక పొద్దున మోగితే అది వెంకటన్న.

"నీ మాటు కారుతుంది అక్కా! సగం మడి కోసి మిషన్ ఆగిపోయింది. రైతులు నన్ను తింటుండ్రు."

సఫియా మంట గొట్టం, కడ్డీలు సంచిలో వేసుకుని దొరికిన ఆటో ఎక్కింది. బీచుపల్లి దాటాక హైవే దిగి, పొలం గట్ల వెంట దాదాపు పరుగెత్తింది. తన మాటు విడిపోయిందంటే ఆమెకు నమ్మకం కుదరడం లేదు. మిషను దగ్గరికి పోయి మోకాళ్ళ మీద వంగి చూసింది.

మాటు విడిపోలేదు. వేసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే, గట్టిగా, మెరుస్తూ ఉంది. కానీ దాని చుట్టూ ఉప్పు పట్టిన గోడలా తెల్లటి పొడి పొంగి ఉంది. వేలితో రాస్తే జిగటగా తడి తగిలింది. గోరుతో గీకితే పొడి కింద లోహం పుచ్చిన పన్నులా గుంటలు గుంటలుగా తినేసి ఉంది. ఆ గుంటల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. కలపడానికి వచ్చిన మసాలా వెళ్ళిపోకుండా అక్కడే కూర్చుని, కలిపిన ఇంటినే తినేసింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆమె అడుసు తొక్కింది, కడగడం కూడా మానేసింది. ఇన్నాళ్ళుగా ఊళ్ళోకి పంపిన రేడియేటర్లన్నీ ఆమె కళ్ళముందు తిరిగాయి.

"మాటు తప్పు గాదన్న," అంది, వెంకటన్న ముఖం చూడలేక. "నేనే సరిగ కడగలే. కడిగెటాయన లేడు."

వెంకటన్న కోపంగానే ఉన్నాడు, కానీ ఆ మాట విని ఆశ్చర్యపోయాడు. "అదేంది అక్కా, నువ్వే గదా అన్నవ్?"

"ఏమన్న?"

"పోయిన ఎండకాలం యాసంగి కోతలప్పుడు నేనొచ్చిన్నాడు. తన్వీరన్నకు గూడ జర మాటు నేర్పరాదా అని నేనంటే, ఆయనకేం రాదన్నా, అంట్లు తోమినట్టు తోముతడు, గా పని ఎవలైన చేస్తరు అంటివి. అందరం నవ్వితిమి. అన్న గూడ నవ్వె, డ్రమ్ము కాడ్నే ఉండె గదా."

సఫియాకు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. రోజుకు అట్లాంటివి ఎన్నో అంటుంది, అని మరో పనిలో పడుతుంది. విన్న మనిషికి మాత్రం మరో పని లేదు, ఆ డ్రమ్మే ఉంది. సిల్వర్ మీద కసిగా ఇన్ని నెలలు చేసిన యుద్ధం, వనపర్తి ప్రయాణం, కరిగించిన గంపెడు గిన్నెలు, ఏదీ అతన్ని పంపించిన దాని జోలికే పోలేదు. సిగ్గుతో ఆమె చెవులు మండాయి.

గట్టు మీదికి నడిచి ఫోన్ చేసింది. మామూలుగా అయితే అవతల వాళ్ళు హలో అనేలోపే సగం మాట చెప్పేస్తుంది. ఇప్పుడు అతని మాట కోసం ఆగింది. తన్వీరే, "చెప్పు సఫియా," అన్నాడు.

"వెంకటన్న రేడియేటర్ కారుతుంది."

"ఊఁ."

"మాటు మంచిగనే ఉంది. పక్కన తిన్నది."

"తింటది."

"నీకు తెల్సా గిట్లయితదని?"

"చెంబెడు నీళ్ళు పోసిన అన్నవ్ గదా, అప్పుడే అనుకున్న."

"మరి ఎందుకు చెప్పలే?"

తన్వీర్ గొంతులో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఎవలైన చేస్తరంటివి గదా సఫియా. ఎవలైన చేస్తరేమో అనుకున్న."

ఆమె ఏడుపు ఆపుకోలేదు. పొలంలో రైతులు చూస్తున్నా ఆపుకోలేదు. "ఎవలు చెయ్యలే," అంది. "ఎవలు చెయ్యరు. ఇన్నేండ్లు నా మాటు నిలిచింది నీ నీళ్ళతోటి. నాకు తెల్వలే. నా నోటి తొందరకు నిన్ను పోగొట్టుకున్న. తప్పు నాది."

అవతల ఎవరో బకెట్ ధర అడుగుతున్నారు. తన్వీర్ వాళ్ళను ఆగమన్నాడు.

"దానికి మళ్ళ మంట పెట్టకు," అన్నాడు. "ముందు కడగాలె, తర్వాతే మాటు. వెంకటన్నను నీళ్ళు కాగబెట్టమను. బస్సు బీచుపల్లి కాడ ఆగుతదా?"

"ఆగకుంటే నేను ఆపుత."

నాగర్‌కర్నూలులో అతను ఇంకా అన్నకు చెప్పాలి, బస్సు పట్టాలి, వనపర్తిలో దిగి మరో బస్సు మారాలి. సఫియా అప్పుడే, నీళ్ళు కాగబెట్టమని వెంకటన్నకు కేకేసి, హైవే వైపు నడవడం మొదలుపెట్టింది.